పెచ్చు ఊడిన కొత్త బాస్ గిటార్ కొన్నాను: నా అనుభవం

2024 సెప్టెంబరు 1 ఆదివారం, బుడమేరు నీళ్లు విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో మేముండే వీధిలోకి వచ్చేశాయి. అమ్మను, పాపను, సర్టిఫికెట్ల సంచిని పై అంతస్తు వాళ్లింటికి చేర్చేసరికి ఇంట్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. గోడ మూలన గుడ్డ సంచిలో ఉన్న నా బాస్ గిటార్ (లావు తీగలతో అడుగు స్వరాలు పలికే గిటార్) కోసం మళ్లీ కిందికి దిగుతానంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. నీళ్లు తీసి, బురద కడిగి, దాన్ని ఎండలోకి తేగలిగింది తొమ్మిదో రోజున. బాడీ చెక్క ఉబ్బి అతుకుల దగ్గర విడిపోయింది, నెక్ (పొడవాటి మెడ భాగం) మీది ఫ్రెట్ల (స్వరాలను విడదీసే లోహపు మెట్ల) పలక లేచిపోయింది, తీగల కదలికను పట్టి స్పీకరుకు పంపే పికప్ స్క్రూల తుప్పు ముట్టుకుంటే చేతికి అంటుతోంది. 2011లో తొమ్మిది వేలకు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఆ గిటార్‌తోనే పదమూడేళ్లు మా చర్చి క్వయర్‌లో వాయించాను. కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చిన 25,000 రూపాయలు ఫ్రిజ్‌కు, పరుపులకు, పాప పుస్తకాలకు ఖర్చయిపోయాయి. గిటార్ మాట ఇంట్లో ఎత్తడానికే నాకు మనసొప్పలేదు.

ఆ మాట మొదట ఎత్తింది మా ఆవిడే. దసరా సెలవుల్లో ఒక రాత్రి, చిట్టీ డబ్బు వచ్చింది కదా, డిసెంబరులో సెమీ క్రిస్మస్‌లు మొదలయ్యేలోపు ఒకటి కొనుక్కోండి, ఆదివారాలు ఊరికే కూర్చుని ఉంటే చూడలేకపోతున్నాను అంది. అన్నీ కలుపుకుని నలభై వేలు దాటకూడదని ఇద్దరం అనుకున్నాం.

అక్టోబరు 14 సోమవారం నుంచి దుకాణాలకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. నాకు కావలసింది నాలుగు తీగలది, రెండు పికప్‌లు ఉన్న, జాజ్ బాస్ అనే మోడల్ తరహాది, నెక్ సన్నగా ఉండేది. విజయవాడలో బాస్ గిటార్లు నిల్వ ఉంచేవారు తక్కువ, ఉన్నవి కూడా మరీ చవక రకం. వారం రోజుల తర్వాత, 21వ తేదీన, హైదరాబాద్‌లోని ఒక దుకాణంలో నేను వెతుకుతున్న మోడల్ ఉందన్నారు. ధర రూ. 42,500. నా లెక్క దాటిపోయిందని చెప్పి ఫోన్ పెట్టేయబోతుంటే అవతలి అబ్బాయి ఆపాడు. "సర్, అదే మోడల్ ముదురు నీలం రంగులో ఒక పీస్ ఉంది. కొత్తదే, ఎవరూ వాడలేదు. కంటైనర్‌లో వచ్చేటప్పుడు కింద కొమ్ము దగ్గర, అంటే బాడీ పొడుచుకొచ్చిన చోట, రంగు పెచ్చు ఊడింది. మీకు పర్లేదనుకుంటే ముప్పై అయిదుకు ఇస్తాం" అన్నాడు.

ఏడున్నర వేల తేడా నాకు చిన్నది కాదు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వరదలో ఇంట్లో ప్రతి వస్తువుకూ మరకలు, ఉబ్బులు వచ్చాయి. తలుపులు ఇప్పటికీ సరిగ్గా పడవు. వరద తర్వాత నా కోసం కొనే మొదటి కొత్త వస్తువు కూడా దెబ్బ తిన్నదే కావాలా అన్న బాధ ఒకవైపు, మచ్చ లేనిది కొంటే ఏడున్నర వేలు అప్పు చేయాలన్న భయం ఒకవైపు. అమ్మ అయితే "కొత్తది కొంటున్నామంటే నిండుగా ఉండాలి కదరా" అని ఒక్క మాట అని ఊరుకుంది. ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు.

మరుసటి రోజు నుంచి మూడు రోజులు ఫొటోలతోనే గడిచాయి. వాళ్లు మొదట పంపినది ఒకే ఒక్క ఫొటో, అదీ ఎదురుగా లైటు పడి మెరుస్తున్నది. రంగు లోపాన్ని చూడాలంటే లైటు పక్కనుంచి, ఏటవాలుగా పడాలి. అప్పుడే నొక్కులు, గీతలు, పగుళ్లు నీడతో సహా కనబడతాయి. నేను కోరిన మీదట పెచ్చు పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఒకటి, వెనకవైపు ఒకటి, నెక్ బాడీతో కలిసే చోట ఒకటి, తల దగ్గర ఒకటి పంపారు. 24న వీడియో కాల్‌లో నాలుగు తీగల మీదా ఒక్కొక్క ఫ్రెట్ నొక్కి వాయించి వినిపించమన్నాను. ఈ తరహా బాస్‌లలో సన్న తీగ మీద అయిదు, ఆరు, ఏడు ఫ్రెట్ల ప్రాంతంలో స్వరం నిలవకుండా చచ్చిపోవడం ఉంటుంది. అది రంగు లోపం కాదు, దానికి తగ్గింపు ఇచ్చినా నేను తీసుకోను. ఆ అబ్బాయి విసుక్కోకుండా అన్నీ వాయించాడు. స్వరాలన్నీ నిలిచాయి.

డబ్బు కట్టేముందు మరొక్క విషయం పట్టుబట్టి రాయించుకున్నాను. బిల్లు మీద "రంగు లోపం తెలియజేసి అమ్మబడింది" అని మాత్రమే రాస్తామన్నారు. అంతవరకే ఉంటే రేపు నెక్ వంగినా, వైరింగ్ పోయినా, లోపం తెలిసే కొన్నారు కదా అనవచ్చు. అందుకని "కింది కొమ్ము వద్ద ఒక పెచ్చు మినహా మిగతా అన్నిటికీ వారంటీ వర్తిస్తుంది" అని రాయమన్నాను. యజమానిని అడిగి చెప్తామని ఒక పూట తీసుకున్నారు, రాశారు. తరువాత నన్ను కాపాడింది ఆ వాక్యంలోని "ఒక పెచ్చు" అన్న మాటే. 25వ తేదీ శుక్రవారం వాళ్ల వెబ్‌సైట్ ద్వారా రూ. 35,000, పార్శిల్ ఖర్చు రూ. 1,450 కట్టాను.

దీపావళి అడ్డం వచ్చింది. నాలుగు రోజుల్లో పంపుతామన్నది నవంబరు 4న బయలుదేరి, 8వ తేదీ శుక్రవారం సాయంత్రం ఆరింటికి మా గుమ్మం ముందుకు వచ్చింది. పెట్టె దాదాపు నా భుజం ఎత్తు ఉంది, ఒక మూల నొక్కుకుపోయి ఉంది. తెచ్చినతను సంతకం కోసం తొందరపెడుతుంటే, "మూల నొక్కుకుపోయింది" అని రసీదు మీద రాసి, దాన్ని ఫొటో తీసుకుని, ఆ తర్వాతే సంతకం చేశాను. పాప ఫోన్ పట్టుకుని వీడియో తీస్తుండగా, ఎక్కడా ఆపకుండా, పెట్టె ఆరు వైపులూ చూపించి టేపు కోశాను.

సంచి జిప్పు తీయగానే ముందు వచ్చింది కొత్త రంగు వాసన. సెప్టెంబరు నుంచి మా ఇంట్లో బురద వాసన, ఫినాయిల్ వాసన తప్ప మరొకటి లేదు. ఆ నీలం నేను ఫొటోల్లో చూసినదానికంటే బాగుంది, వెలుతురు తగ్గినప్పుడు నల్లగా, లైటు కిందికి తెస్తే రాత్రి ఆకాశంలా ఉంది. పెచ్చు ఊడిన చోటు కందిగింజంత ఉంది, కింద తెల్లటి పూత కనబడుతోంది. అనుకున్నంతే కదా అని ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు టార్చి వేసి ఏటవాలుగా చూశాను. నెక్ వచ్చి బాడీలో కూర్చునే గాడి దగ్గర, సన్న తీగ వైపున్న పలచని అంచు మీద, వెంట్రుకలాంటి గీత ఒకటి ఉంది. అంగుళానికి కాస్త తక్కువ పొడవు. తుడిచాను, పోలేదు. గోరుతో అడ్డంగా గీరితే సన్నగా తగిలింది. ఫొటోల్లో ఆ చోటు చూపించారు గానీ ఈ గీత లేదు, ఉన్నా ఆ వెలుతురులో తెలియలేదు. పెచ్చు చూసి నేను బాధపడలేదు, గీత చూశాక మాత్రం చేతులు చల్లబడ్డాయి. కొమ్ము మీద పెచ్చు అందానికి సంబంధించింది. నెక్ బిగించే చోట పగులు అంటే అది రంగులో ఉందో చెక్కలో ఉందో తెలియాలి. నాలుగు తీగలూ బిగిసి ఉన్నప్పుడు ఆ నెక్ మీద పడే లాగుడు ఒక బస్తా బియ్యం బరువుకు తక్కువేమీ కాదు, ఆ లాగుడంతా ఆ గాడే మోయాలి.

ఆ రాత్రే వీడియోతో, ఆరు ఫొటోలతో దుకాణానికి మెయిల్ పెట్టాను. కోపం రాయలేదు. బిల్లులో ఒక పెచ్చు అని ఉందని, ఇది రెండో లోపమని, చెక్కకు పగులు అయితే వెనక్కి తీసుకోవాలని, కాకపోతే ధర తగ్గించాలని నాలుగు వాక్యాల్లో రాశాను. ఆన్‌లైన్ అమ్మకాల మీద 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలని, నెలలోగా పరిష్కరించాలని చివర గుర్తుచేశాను. జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేద్దామనుకున్నాను. ఆ అవసరం రాలేదు గానీ ఆ నంబరు ఉందన్న ధైర్యం నాకు ఆ వారమంతా పనికొచ్చింది.

10వ తేదీన అందిందని ఒక వరుస జవాబు. 12న మరిన్ని ఫొటోలు అడిగారు. తర్వాత నాలుగు రోజులు మౌనం. ఆ రోజుల్లో గిటార్‌ను మంచం మీద పడుకోబెట్టి, తీగలు కాస్త వదులు చేసి, వాయించకుండా ఉంచాను. వాయిస్తే వాడేశారు కదా అంటారేమోనన్న అనుమానం ఒకటి, వాయించి అలవాటు పడితే తిరిగి పంపడానికి చేతులు రావన్న భయం ఒకటి. 16వ తేదీ శనివారం యజమానే స్వయంగా ఫోన్ చేశారు. వెనక్కి పంపితే ఖర్చు తామే పెట్టుకుని పూర్తి డబ్బు ఇస్తామన్నారు, అదే మోడల్ మళ్లీ జనవరిలో గానీ రాదన్నారు, ఉంచుకుంటే రూ. 3,000 వెనక్కి వేస్తామన్నారు. మూడు రోజులు గడువు అడిగాను.

18వ తేదీ సోమవారం సెలవు పెట్టి గవర్నర్‌పేటలో వాయిద్యాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి ఆటోలో తీసుకువెళ్లాను. హార్మోనియం, వీణ, గిటార్ ఏదైనా చూస్తారు, చిన్న గది, గోడ నిండా క్లాంపులు. గీత చూపించి, "చెక్క పగిలిందా బాబాయి గారూ?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా గిటార్‌ను బల్ల మీద బోర్లా పెట్టి, తీగలు పూర్తిగా వదులు చేసి, వెనక ఇనుప పలకకున్న నాలుగు స్క్రూలు ఒక్కొక్కటే తీశారు. నెక్‌ను మెల్లగా పైకి లేపితే "టక్" మని చిన్న చప్పుడు వచ్చింది. నా గుండె ఆగినంత పనైంది. "భయపడకు నాయనా, రంగు అతుక్కుంది, అంతే" అన్నారు.

గాడి లోపల రంగు లేదు, పచ్చి చెక్క. ఆయన ఆ చెక్కను తడి గుడ్డతో ఒక్కసారి తుడిచి భూతద్దం కింద పెట్టారు. చెక్కలో పగులు ఉంటే తడి అందులోకి దిగి నల్లటి గీతగా నిలుస్తుందట. బయట గీత ఉన్న చోటికి సరిగ్గా వెనక, లోపలి గోడ మీద, చెక్క నారలు తప్ప ఏమీ లేవు. తర్వాత పలచని అంచును బొటనవేలితో నొక్కి, గీత తెరుచుకుంటుందేమో నన్నే చూడమన్నారు. తెరుచుకోలేదు. అప్పుడు విడమరచి చెప్పారు. ఈ గిటార్ల మీద వేసేది పాలియెస్టర్ పూత, గాజులా గట్టిది, మందమైనది, వంగదు. ఆ అంచు దగ్గర చెక్క చాలా పలచన. కంపెనీలో నెక్ బిగించినప్పుడో, దారిలో కుదుపుకో, తేమకు చెక్క ఉబ్బి ఎండకు తగ్గినప్పుడో చెక్క వంగి ఊరుకుంటుంది, పూత చీరుకుంటుంది. తన దగ్గరికి వచ్చే గిటార్లలో అక్కడే ఇలాంటి గీతలు చాలాసార్లు చూశానన్నారు. కొమ్ము మీది పెచ్చు అంచు కూడా చూపించారు, ప్లాస్టిక్ బిళ్ల విరిగినట్టు మందంగా, నిట్టనిలువుగా ఉంది.

నెక్ తిరిగి బిగించాక మాస్కింగ్ టేపు ముక్క ఒకటి గీత పక్కన అంటించి, గీత రెండు కొసలకూ ఎదురుగా పెన్సిల్‌తో రెండు గుర్తులు పెట్టారు. "నెలన్నర వాయించు. గీత ఈ గుర్తు దాటితే నా దగ్గరికి రా, దాటకపోతే దాని జోలికి వెళ్లకు" అన్నారు. చూసినందుకు డబ్బు తీసుకోలేదు, తర్వాత సెటప్‌కు, అంటే నెక్, తీగలు సరిచేయించడానికి, వస్తావుగా అన్నారు.

19న యజమానికి ఫోన్ చేసి ఉంచుకుంటున్నానని, అయితే మూడు వేలు ఇవ్వడంతో పాటు గాడి దగ్గర చెక్క పగిలితే వారంటీ వర్తిస్తుందని మెయిల్‌లో రాయాలని కోరాను. ఆ రాత్రే రాశారు. డబ్బు మాత్రం వారంలో వస్తుందన్నది పది రోజులు పట్టి 29వ తేదీన వచ్చింది. మధ్యలో రెండుసార్లు గుర్తుచేశాను.

23వ తేదీన సెటప్. ఇంట్లో మొదటిసారి శ్రుతి చేసినప్పుడు మూడో, నాలుగో ఫ్రెట్ల దగ్గర తీగలు జరజరమంటుంటే అది కూడా దెబ్బ వల్లేనేమోనని కంగారుపడ్డాను. దానికీ రంగుకూ ఏ సంబంధమూ లేదు. పొడి గోదాముల నుంచి మన కృష్ణా తీరం తేమలోకి వచ్చేసరికి నెక్ కదులుతుంది, కొత్త గిటార్ ఎంత ఖరీదుదైనా ఇది తప్పదు. బాబాయి గారు మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగలను నొక్కిపట్టే క్లిప్పు) బిగించి, చివరి ఫ్రెట్ వేలితో నొక్కి, ఏడో ఫ్రెట్ మీద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య విజిటింగ్ కార్డు దూర్చి చూశారు. కార్డు దూరలేదు. నెక్ లోపల వంపును సరిచేసే కడ్డీని, ట్రస్ రాడ్‌ను, పావు చుట్టు వదులు చేసి, ఒక రాత్రి ఉంచి, మర్నాడు మళ్లీ చూసి సరిచేశారు. కార్డు సరిగ్గా పట్టింది, జరజర పోయింది. సెటప్‌కు రూ. 1,200, కొత్త తీగలకు రూ. 1,900 అయ్యాయి.

పెచ్చును మాత్రం నా చేత్తోనే పూడ్చాను. అలాగే వదిలేస్తే అంచు మోచేతికో చొక్కాకో తగిలి ఇంకా ఊడుతుంది. రంగు కలపడానికి ఆటోమొబైల్ షాపుల్లో అడిగితే అంత కొంచెం ఇవ్వలేమన్నారు. గోళ్ల రంగు పనికొస్తుందని బాబాయి గారే చెప్పారు. ఇది పాలియెస్టర్ కాబట్టి సరిపోతుందని, పాత పద్ధతి నైట్రోసెల్యులోజ్ పూత అయితే గోళ్ల రంగులోని ద్రావకానికి చుట్టూ ఉన్న రంగు మెత్తబడిపోతుందని హెచ్చరించారు. పాపను తీసుకుని బీసెంట్ రోడ్డుకు వెళ్లాను. ఎనిమిదేళ్ల పిల్ల, ఫోన్‌లో ఫొటోను నమ్మకుండా, నేను జేబులో తెచ్చిన ఊడిన పెచ్చు ముక్కనే తీసుకుని ఒక్కొక్క సీసా పక్కన పెట్టి చూసింది. పెట్టె అడుగున నీలం చుక్కలా కనబడితే పారేయకుండా దాచుకున్న ముక్క అది. ఏడో సీసా దగ్గర "ఇదే నాన్నా" అంది.

నవంబరు 30 శనివారం ఉదయం అగ్గిపుల్ల కొసతో ఒక పొర రంగు పెట్టి, రెండు గంటలు ఆరనిచ్చి రెండో పొర పెట్టాను. సాయంత్రం దాని మీద సూపర్ గ్లూ చుక్క వేసి, అది చుట్టూ ఉన్న మట్టం కంటే కాస్త ఎత్తుగా గుండ్రపు బొడిపెలా నిలిచేదాకా గంటకొకటి చొప్పున మూడు చుక్కలు వేశాను. పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజంతా ముట్టుకోకూడదు. డిసెంబరు 1 ఆదివారం ఆ బొడిపెతోనే చర్చిలో వాయించాను. సోమవారం రాత్రి చుట్టూ టేపు వేసి, వాటర్ పేపర్ 800తో మొదలుపెట్టి 1500, 2000తో తడిపి తడిపి రుద్ది, కారు పాలిష్‌తో మెరుపు తెచ్చాను. పక్కనుంచి లైటు వేసి చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది. ఎదురుగా చూసేవాళ్లకు తెలియదు. గోళ్ల రంగు, గ్లూ, కాగితాలు కలిపి రూ. 250.

లెక్క అడిగేవారి కోసం చెబుతున్నాను: మూడు వేలు వెనక్కి వచ్చాక నాకు మొత్తం పడింది రూ. 36,800. మచ్చలేనిది తెప్పించి, ఇదే సెటప్, ఇవే తీగలు వేయించి ఉంటే రూ. 47,050 అయ్యేది. మిగిలిన పదివేల పైచిలుకులో సగం అమ్మ మంచానికి పోయింది. మొదటి ఫోన్ నుంచి చర్చిలో మొదటి పాట దాకా ఏడు వారాలు పట్టింది. చేతికి వచ్చిన తర్వాత నిర్ణయం కోసం ఎదురుచూసిన ఆ పదకొండు రోజులే అన్నిటికంటే కష్టంగా గడిచాయి.

డిసెంబరు 1న ఆరాధన మొదలయ్యే ముందు సౌండ్ చూస్తున్నప్పుడు లావు తీగ విడిగా మీటాను. మూడు నెలలుగా మా క్వయర్‌లో లేని ఆ అడుగు స్వరం నేల మీదుగా వచ్చి చెక్క బెంచీలను తాకింది. కీబోర్డ్ వాయించే అన్నయ్య తల తిప్పి చూసి, ఏమీ అనకుండా, మళ్లీ ఒకసారి మీటమని చేత్తో సైగ చేశాడు. అమ్మ రెండో వరుసలో కూర్చుని ఉంది. ఇంటికి వచ్చాక పెచ్చు ఎక్కడుందో చూపించమని అడిగింది. బొడిపె మీద వేలు పెట్టి చూసి, "ఇంతేనా" అంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం రాత్రి, గిటార్‌ను సంచిలో పెట్టేముందు, టార్చి వేసి టేపు మీది గుర్తులు చూస్తూ వచ్చాను. డిసెంబరంతా సెమీ క్రిస్మస్‌లు, క్యారల్స్, మంచులో ఆటో ప్రయాణాలు, రాత్రి తేమ, స్టేజీ లైట్ల వేడి అన్నీ పడ్డాయి. భోగికి ముందురోజు, జనవరి 12న, మళ్లీ చూశాను. గీత రెండు పెన్సిల్ గుర్తుల మధ్యే ఉంది. టేపు తీసేసి, జిగురు మరకను మెత్తటి గుడ్డతో తుడిచాను.